మద్దెల మీద నెపం

రేషన్ దుకాణం వరుసలో నా ముందు ఒక అవ్వ నిలబడి ఉంది. తన వంతు రాగానే యంత్రం మీద బొటనవేలు పెట్టింది. ముద్ర పడలేదు. చీర చెంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. పడలేదు. మూడోసారి వేలిని తలకు రాసుకుంది. కాస్త జిడ్డు తగిలితే పడుతుందని ఎవరో చెప్పారట. అప్పుడూ పడలేదు. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లవి. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. డీలరు చెడ్డవాడేమీ కాదు. "రేపు రా అవ్వా, ఇంకోసారి చూద్దాం" అన్నాడు. "నిన్న కూడా రేపే అన్నావు గదయ్యా" అంటూ అవ్వ ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుంది. వరుసలో నా వెనకాయన, చదువుకున్న పెద్దమనిషి, నిట్టూర్చి అన్నాడు: "పథకం మంచిదేనండీ. అమలులోనే లోపం."

వరుసంతా తలూపింది. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది. ఎందుకు ఊపాను? ఆ మాటలో ఒప్పుకోదగ్గది ఏముంది?

ఆ మాట మనకు ఊతపదమైపోయింది. టీవీ చర్చలో అధికార పక్షం ప్రతినిధి అంటాడు, ప్రతిపక్షం ప్రతినిధీ అంటాడు. పత్రికల సంపాదకీయాల్లో అయితే దానికో స్థిరమైన వాక్యమే ఉంది: సదాశయంతో ప్రవేశపెట్టిన ఈ పథకం క్షేత్రస్థాయిలో నీరుగారుతోంది. పథకం పేరు మారుతుంది, ప్రభుత్వం మారుతుంది, వాక్యం మారదు. దాని లోపల ఒక పంపకం నడుస్తుంది. సదాశయం పైనున్నవారి ఖాతాలోకి, నీరుగారడం కిందివాళ్ల ఖాతాలోకి. కీర్తి సంతకం పెట్టినాయనది, తిట్లు డీలరువి, వీఆర్వోవి, అంగన్‌వాడీ ఆయావి. ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికి ఒకావిడ. మన విధానకర్తలు అంతకంటే గడుసువాళ్లు. మద్దెల ఓడు అనే పని మన చేతే చేయిస్తున్నారు.

నా వాదన ఇది. అమలు అనేది పథకానికి బయట ఉండే వస్తువు కాదు. ఎవరి చేతుల మీదుగా వెళ్తుంది, ఎవరి వేళ్లు అరిగిపోయి ఉంటాయి, ఎవరికి దీనిలో డబ్బు దొరుకుతుంది, ఎవరు దీన్నుంచి తప్పించుకోవాలని చూస్తారు అన్నవి ఆలోచించకుండా రాసిన పథకం మంచి పథకం కాదు. అది మంచి కోరిక, అంతే. మెట్లు గీయకుండా మేడ ప్లాను గీసి, పైకి ఎక్కలేనివాడి కాళ్లలో లోపం ఉందంటే మేస్త్రీ కూడా నవ్వుతాడు.

అవతలి పక్షం మాటలు కూడా న్యాయంగా చెప్పుకుందాం. వాళ్లు మూడు సంగతులు అంటారు. ఒకటి, దురుద్దేశాలు రాజ్యమేలే ఈ దేశంలో సదుద్దేశంతో ఎవరో ఒకరు ముందుకొస్తే వెనక్కి లాగకూడదు. రెండు, ఫలితాలకు టైము పడుతుంది, తొందరపడి తీర్పు చెప్పకూడదు. మూడు, ఫలితాలేవని అడిగేవాళ్లలో ఎక్కువమంది పేదలకు పెట్టే ఖర్చు చూసి కడుపు మండేవాళ్లు, వాళ్ల పక్కన చేరకూడదు. మూడింటిలోనూ కాస్తో కూస్తో నిజం ఉంది. మూడూ కలిసినా ఆ అవ్వ సంచిలో గింజ పడదు. ఎందుకో మన తెలుగునేల మీద జరిగిన సంగతులతోనే చెబుతాను.

మొదట ఇద్దరు పిల్లల నిబంధన. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్నది అందులో ఒక నిబంధన. ఏడాది గడువిచ్చి 1995 మే నెలాఖరు తర్వాత పుట్టే మూడో బిడ్డ నుంచి లెక్క వేశారు. ఉద్దేశం? జనాభా అదుపు. పదిమందికి ఆదర్శంగా ఉండాల్సిన సర్పంచులు, వార్డు మెంబర్లు ముందు తాము చిన్న కుటుంబం పాటించాలి. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! హర్యానా చట్టం మీద 2003లో వచ్చిన జావేద్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ తరహా నిబంధన చెల్లుతుందనే చెప్పింది.

ఆదర్శం అంత ముఖ్యమైతే ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ ఈ నిబంధన ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు ముప్పై ఏళ్లలో ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. నలుగురు పిల్లల తండ్రి అసెంబ్లీలో కూర్చుని చట్టం చేయొచ్చు, ముగ్గురు పిల్లల తల్లి వార్డు మెంబరు కాకూడదు. పైగా సరిగ్గా ఆ కాలంలోనే, 73వ రాజ్యాంగ సవరణ పుణ్యమా అని, ఆడవాళ్లకూ దళితులకూ ఆదివాసులకూ పంచాయతీల్లో మొదటిసారి పెద్ద ఎత్తున సీట్లు దక్కాయి. ఒక చేత్తో తెరిచిన తలుపును ఇంకో చేత్తో మూశారు.

మాజీ ఐఏఎస్ అధికారి నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ఏం చేసిందో వెళ్లి చూసి 2005లో ప్రచురించారు. అనర్హత వేటు పడినవారిలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలవారే ఎక్కువ. పదవి కోసం మూడో గర్భం తీయించినవారున్నారు, పుట్టిన బిడ్డను దత్తతకు ఇచ్చేసినట్టు కాగితాలు పుట్టించినవారున్నారు, భార్యను వదిలేసినవారున్నారు, బిడ్డ తనది కాదన్నవారూ ఉన్నారు. కుటుంబం చిన్నదవ్వాలని చట్టం చేస్తే కుటుంబమే చీలింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

దీన్ని కూడా "అమలులో లోపం" అందామా? కుదరదు. ఇక్కడ చట్టం అక్షరాలా అమలైంది. ఫిర్యాదు వచ్చింది, విచారణ జరిగింది, పదవి పోయింది. అమలు ఎంత బాగా జరిగితే హాని అంత ఎక్కువ అయింది.

పోనీ, జనాభా అయినా దీనివల్ల తగ్గిందా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు తీయండి. 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2005-06కి అది 1.8 అయింది. "చూశారా!" అంటారు నిబంధన అభిమానులు. పక్క రాష్ట్రం కూడా చూద్దాం. తమిళనాడులో అలాంటి చట్టం లేదు. అక్కడ 2.5 నుంచి అదే 1.8కి దిగింది. కేరళ 1992-93 నాటికే 2 దగ్గర ఉంది, ఏ అనర్హతా లేకుండానే. ఈ నిబంధన ఉన్న రాజస్థాన్ 2005-06లోనూ మూడు దాటే ఉంది. ఆడపిల్లల చదువు, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం, అందుబాటులో ఆసుపత్రి, వీటితో జరిగిన పనికి సర్పంచి పదవి లాక్కున్న చట్టం పేరు చెప్పుకుంటే, కోడి కూసింది కాబట్టే తెల్లారిందన్నట్టు ఉంటుంది.

చివరికి 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. తెలంగాణ ప్రభుత్వమూ 2025లో అదే నిర్ణయానికి వచ్చింది. ఎందుకు ఎత్తేశారో గమనించండి. ఆడవాళ్లకు అన్యాయం జరిగిందని ఎత్తేయలేదు. జననాల రేటు మరీ పడిపోయింది, రేపు ముసలివాళ్ల రాష్ట్రమవుతుంది, ఇక పిల్లల్ని కనండి అని ఎత్తేశారు. నాడు కనొద్దన్నదీ సదుద్దేశమే, నేడు కనమన్నదీ సదుద్దేశమే. రెండుసార్లూ లెక్కలోకి రానిది ఒక్కటే: మధ్యలో ముప్పై ఏళ్లపాటు ఆ చట్టం కింద నలిగినవాళ్లకు ఏమైంది అన్నది.

ఇక మద్యం సంగతి. ఇది కాస్త సున్నితమైన చోటు. దూబగుంట పేరు ఎత్తితే నాకూ చేతులు జోడించాలనిపిస్తుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం పాఠాలు చదువుకున్న ఆడవాళ్లు, రోశమ్మ లాంటివాళ్లు, మా ఊళ్లో సారా దుకాణం వద్దని కొంగు బిగించారు. ఊరూరా పాకి అది రాష్ట్ర ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్టీ రామారావు ఎన్నికల మాట నిలబెట్టుకున్నారు. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్య నిషేధం. ఆ సంతకం వెనక ఉన్న ఉద్దేశాన్ని నేను శంకించను.

కానీ మొదట ఆ ఆడవాళ్లు అడిగినదేమిటో, చివరికి వాళ్లకు దక్కినదేమిటో పక్కపక్కన పెట్టి చూడండి. వాళ్లు అడిగింది తమ ఊరి దుకాణం మూయమని. మూసిన దుకాణం దగ్గర కాపలా ఉన్నది వాళ్లే. తాగి వచ్చినవాడు ఎవరో, తెచ్చి అమ్మినవాడు ఎవరో వాళ్లకు తెలుసు. ఉద్యమం తర్వాత సంపూర్ణ నిషేధాన్నీ కోరింది, నిజమే. అది చట్టమై వచ్చేసరికి కాపలా కర్ర వాళ్ల చేతిలోంచి ఎక్సైజు శాఖ చేతిలోకి పోయింది. చుట్టూ ఐదు రాష్ట్రాల సరిహద్దులు, గోదావరి జిల్లాల నడుమ యానాం, ఊరూరా నల్లబెల్లం. అప్పట్లో లారీ ట్యూబుల్లో నాటుసారా దిగేదని మా తరంవాళ్లందరికీ తెలుసు. పాలక్యానులో పాలే ఉన్నాయో లేదో మూత తీస్తే గానీ తెలిసేది కాదు. తాగేవాడు పూర్వం తాగినదానికంటే ఎక్కువ ధరకు, అంతకంటే ప్రమాదకరమైన సరుకు తాగాడు. ఆ ఎక్కువ ధర ఎవరి గాజుల్లోంచి, ఎవరి పొదుపు డబ్బాలోంచి వచ్చిందో చెప్పక్కర్లేదు.

ఖజానాకు పడిన గండి సంగతీ ఉంది. 1996లో రెండు రూపాయల కిలో బియ్యం మూడున్నర అయింది. మద్యం ఆదాయం పోవడం ఒక్కటే దానికి కారణం కాదు గానీ, కారణాల్లో అదొకటి. అంటే భర్త తాగుడు మాన్పించమన్న ఇల్లాలి బియ్యం ఖరీదే పెరిగింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. సారా మీద నిషేధం మిగిలింది, విదేశీ మద్యం పేరుతో అమ్మే సీసాలు తిరిగి వచ్చాయి. రెండేళ్ల పైచిలుకు ప్రయోగం అలా ముగిసింది.

మనకు ఈ ప్రయోగం కొత్తా? కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టి, మరుసటేడాది చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది మద్య నిషేధం గొడవ మీదే. ఇంత అనుభవం ఉన్న నేల మీద 2019లో మళ్లీ దశలవారీ నిషేధం అన్నారు. దుకాణాలను ప్రభుత్వమే తీసుకుంది, సంఖ్య 4,380 నుంచి 3,500కి తగ్గించింది, 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. ధర చూసి తాగేవాడు మానుకుంటాడన్నది లెక్క. అదే ఏడాది జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడిలో దుకాణాలు మూతపడి ఉన్న రోజుల్లో, పదిమందికి పైగా శానిటైజర్ తాగి చనిపోయారు. తర్వాత అదే మద్యం ఆదాయాన్ని చూపించి బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారా బాండ్లు అమ్మి వేల కోట్ల అప్పు తెచ్చారు. మాన్పించాలన్న వ్యసనం మీద ఏళ్ల తరబడి తీర్చాల్సిన అప్పు పెట్టారంటే, ఆ వ్యసనం అన్నాళ్లూ బతికి ఉండాలనే కదా! ఇది అమలు లోపమా? లోపం రాతలోనే ఉంది.

బిహార్ చూడమంటారు. చూద్దాం. 2016 నుంచి అక్కడ సంపూర్ణ నిషేధం ఉంది. ఇళ్లలో ఆడవాళ్ల మీద హింస తగ్గిందని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి. దాన్ని నేను దాచను, అది చిన్న సంగతి కాదు. 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారా తాగి డెబ్భై మందికి పైగా పోయారన్నదీ దాచకూడదు. 2021 డిసెంబరులో విజయవాడలో మాట్లాడుతూ అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, చట్టం రాసేటప్పుడు దూరదృష్టి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈ బిహార్ చట్టాన్నే ఉదాహరణగా తీసుకున్నారు. పట్నా హైకోర్టు బెయిలు దరఖాస్తులతో నిండిపోయి, మామూలు బెయిలుకే ఏడాది పడుతోందని అన్నారు. జైల్లో ఉన్నది ఎవరు? సీసా మోసిన కూలీ. నిషేధం కావాలా వద్దా అన్న వాదన ఈ రెండు చిట్టాలూ ముందు పెట్టుకుని జరగాలి. మనం మాత్రం ఉద్దేశాల దగ్గరే ఆగిపోతాం. నిషేధాన్ని ప్రశ్నిస్తే తాగుబోతుల పక్షం, సమర్థిస్తే ఆడవాళ్ల పక్షం. కురిచేడు మృతుల ఇళ్లలోనూ ఆడవాళ్లు ఉన్నారు.

మూడో సాక్ష్యం అప్పుల నుంచి. సూక్ష్మరుణాల కథలో రెండు సదుద్దేశాలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. ఆడవాళ్లకు తాకట్టు లేని చిన్న అప్పు ఇస్తే పేదరికం పోతుందన్నది మొదటిది. 2006లో దానికి నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం దాన్ని హైదరాబాద్‌లోనే పరీక్షించింది. 104 బస్తీలు తీసుకుని, చీట్లు వేసినట్టు అందులో సగం ఎంచి, ఆ సగంలో ఒక రుణసంస్థ శాఖలు తెరిపించి, మిగతావాటితో పోల్చింది. కొందరు చిన్న వ్యాపారాల్లో కొంచెం ఎక్కువ పెట్టుబడి పెట్టారు. ఇంటి ఖర్చు సగటున పెరగలేదు, పిల్లల చదువుల్లో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అప్పు అప్పే, అద్భుతం కాదు.

ఈలోగా ఒకే ఇంటికి నాలుగు సంస్థలు అప్పులిచ్చి, వారం వారం వసూలుకు గుమ్మంలో కూర్చోవడం మొదలైంది. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇది రెండో సదుద్దేశం. వేధింపులను ఆపాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఆర్డినెన్సు తర్వాత వసూళ్లు దాదాపు ఆగిపోయాయి, సంస్థలు రాష్ట్రంలో అప్పులు ఇవ్వడం మానేశాయి. ఇక్కడ మునిగిన డబ్బు వల్ల అవే సంస్థలు వేరే రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించాయి. అలా అప్పులు ఆగిన దూరపు జిల్లాల్లో కూలి రేట్లు పడిపోయాయని ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు లెక్కకట్టారు. హైదరాబాద్ నుంచి వెయ్యి మైళ్ల దూరంలో, అసలు అప్పే తీసుకోని కూలీకి కూడా రోజు కూలి తగ్గిందన్న మాట. పోనీ ఇక్కడివాళ్ల అవసరాలైనా తీరాయా? 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీల కాల్‌మనీ దందా బయటపడింది. దానికి ఆ చట్టమే కారణమని నేను అనను. ఒక్కటే అంటాను: పిల్లాడికి జ్వరం వస్తే కావాల్సిన రెండు వేలు ఏ ఆర్డినెన్సుతోనూ ఆగవు. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తడతారు. ఆ రెండో తలుపు వెనక ఎవరున్నారన్నది చట్టం రాసేవాడు ముందే అడగాల్సిన ప్రశ్న.

"అయితే ఏమీ చేయొద్దంటావా?" ఇక్కడికి వచ్చేసరికి అవతలి పక్షం ఈ ప్రశ్న వేస్తుంది. పైన చెప్పిన మూడో అభ్యంతరం ఇదే. పేదల ఖర్చు చూసి ఏడ్చేవాళ్లతో నన్ను జత కట్టేయాలని చూస్తుంది. ఆ జట్టులో నేను లేను. అన్నీ తిరగబడతాయి కాబట్టి ప్రభుత్వం చేతులు ముడుచుకోవాలనడం కూడా ఫలితాలు చూడని సోమరితనమే. వాళ్లు ఉద్దేశాన్ని పూజిస్తారు, వీళ్లు వైఫల్యాన్ని పూజిస్తారు. లెక్కపుస్తకం ఇద్దరూ తెరవరు. తెరిస్తే అందులో గెలుపులూ కనిపిస్తాయి.

బాలకార్మికుల విషయమే తీసుకోండి. 1986లో కేంద్రం చట్టం చేసింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలను కొన్ని పనుల్లో పెట్టుకుంటే శిక్ష. ప్రశాంత్ భరద్వాజ్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు జాతీయ శాంపిల్ సర్వే లెక్కలు తిరగేస్తే విపరీతం కనిపించింది. ఆ చట్టం తర్వాత పిల్లల కూలి తగ్గింది, పనిలోకి వెళ్లే పిల్లలు పెరిగారు. ఎలా? పట్టుబడితే జరిమానా కట్టాలి గనుక ఆ భయాన్ని యజమాని కూలిలోంచి కోసుకున్నాడు. పిల్లాడు తెచ్చే డబ్బు తగ్గేసరికి, ఆ డబ్బు మీద బతికే ఇల్లు రెండో పిల్లాడినీ పంపింది. అదే లక్ష్యంతో 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వాన ఎంవీ ఫౌండేషన్ ఇంకో దారి పట్టింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నారు. దాడులతో సరిపెట్టలేదు. పని మానిన పిల్లలను శిబిరాల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోగలిగేదాకా చదివించి, బడిలో చేర్చారు. తల్లిదండ్రులతో, పంతుళ్లతో, పొలం యజమానులతో కూడా కూర్చుని మాట్లాడి ఒప్పించారు. పిల్లాడు పని మానేసిన మర్నాడు పొద్దున ఎక్కడుంటాడు అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉంది. 1986 చట్టం దగ్గర లేదు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది, ఆ శిబిరాల్లోంచి వేల మంది పిల్లలు బడికి వచ్చారు. రెండోదే నాకు ముఖ్యం.

ఇప్పుడు మళ్లీ మన అవ్వ బొటనవేలి దగ్గరికి వద్దాం. వేలిముద్ర యంత్రం మంచిదా చెడ్డదా? కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ఈ ప్రశ్నను రెండు చోట్ల పరీక్షించారు. మొదటిది మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 2010-12 మధ్య, ఎనిమిది జిల్లాల్లో. ఉపాధి కూలి, పింఛను చెల్లింపులకు స్మార్ట్‌కార్డులు ఇచ్చారు. కూలి త్వరగా చేతికొచ్చింది, దారిమళ్లే డబ్బు తగ్గింది, పనికి వచ్చేవాళ్లు తగ్గలేదు. రెండోది ఝార్ఖండ్‌లో, రేషన్ సరుకులకు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు. అక్కడ తొలి నెలల్లో దొంగతనం తగ్గిన జాడ లేదు. ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలకు అందే సరుకు విలువ మాత్రం సుమారు పది శాతం తగ్గింది.

అదే వేలు, అదే యంత్రం, రెండు చోట్లా చెప్పిన మాట కూడా అదే: దొంగతనం ఆపాలి. తేడా ఎక్కడ వచ్చింది? ఇక్కడ కూలీకి డబ్బు అందడం తేలిక చేయాలన్నది మొదటి లెక్క. కార్డు రానివాళ్లకు పాత పద్ధతిలోనే ఇస్తూ పోయారు, చెల్లించే మనిషి ఊళ్లోకే వచ్చాడు. అక్కడ మిగులు చూపించాలన్నది మొదటి లెక్క, ముద్ర పడనివాడు ఆ మిగులులో కలిసిపోయాడు. రెండు చోట్లా "అమలు" చేసింది మనలాంటి గుమాస్తాలే, డీలర్లే. పథకం రాతే వేరు. యంత్రం మొరాయిస్తే నష్టం ఎవరు భరించాలి? ప్రభుత్వమా, అవ్వా? ఆ ఒక్క వాక్యం రాసేటప్పుడే ఫలితం సగం తేలిపోతుంది.

ఫలితాలకు టైము పడుతుందంటారు కదా, సరే. ఎంత టైమో మొదటే రాయండి. ఏ పథకమైనా ఎవరికి, ఏది, ఎప్పటికి మారాలో దాని మొదటి పేజీలోనే ఉండాలి. దాన్ని కొలిచే పని ఆ పథకం నడిపే శాఖకే అప్పగించకూడదు. గడువు నాటికి మార్పు కనిపించకపోతే కొనసాగించడానికి కారణం చెప్పుకోవాల్సిన భారం ప్రభుత్వం మీద ఉండాలి. అన్నిటికంటే ముందు, దాని వల్ల బాగుపడాల్సిన మనిషిని పిలిచి, ఇది వస్తే నువ్వేం చేస్తావు, నీ పక్కింటివాడేం చేస్తాడు అని అడగాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఉపాధి హామీ చట్టంలోనే సామాజిక తనిఖీ అని రాసుకున్నాం. మన రాష్ట్రమే 2006 నుంచి దాన్ని ఊరి మధ్యలో మైకు పెట్టి నడిపింది. కూలీలు లేచి నిలబడి, నా పేరు మీద మస్టరులో పది రోజులున్నాయి, నేను చేసింది ఆరు అని చెప్పారు. ఒక చట్టం తన తప్పులు తనే వినడానికి చెవులు పెట్టుకోవడం అంటే అది. మిగతా చట్టాలకు ఆ చెవులు ఎందుకు ఉండకూడదు?

సదుద్దేశం ఉన్నవాళ్లను వెనక్కి లాగకూడదన్న మొదటి మాటకు నా జవాబు ఒకటే. నిజంగా సదుద్దేశం ఉన్నవాడికి ఫలితం అడిగితే కోపం రాదు. రోగి బాగుపడాలని కోరే వైద్యుడు జ్వరం తగ్గిందా అని తనే అడుగుతాడు. అడిగినవాడి మీద విరుచుకుపడేవాడికి రోగి కంటే తన హస్తవాసికి వచ్చిన పేరు మీద ప్రేమ ఎక్కువ.

వచ్చే నెలా ఆ రేషన్ వరుసలో నిలబడతాను. అవ్వ వస్తుంది, యంత్రం ఉంటుంది, ఆ పెద్దమనిషీ ఉంటాడు. ఐరిస్, ఓటీపీ అంటూ ప్రత్యామ్నాయాలు కాగితం మీద ఉన్నాయని డీలరుకు గుర్తు చేయడం నా మొదటి పని. రెండో పని ఆ పెద్దమనిషితో. ఆయన మళ్లీ అదే మాటంటే ఈసారి తల ఊపను. అమలు కూడా పథకంలో భాగమేనండీ అంటాను.